ఇనపపెంకు

గావ్‌యౌ సరస్సుకి పడమటి గట్టున
షూ గెన్‌షెంగ్ వల లాగి
నా ముందు రెండు తొట్లు పెట్టాడు.
ఒకదాంట్లో నీలకంఠ రొయ్యలు,
జానెడు ఒళ్ళు, ఒంటిని మించిన కొండీలు.
రెండో దాంట్లోనూ అవే,
అదే విత్తనం, అదే మేత, అదే నీరు.
కాకపోతే చిటికెనవేలంత.
ఎదుగూ బొదుగూ లేదు,
పొట్టకింద మాత్రం అప్పుడే గుడ్లు.

"ఇనపపెంకులు" అన్నాడు,
ఒకదాని వీపు మీద గోటితో కొట్టి.
టక్కుమంది.
"కిలో ఎంతని అడిగే నాథుడు లేడు.
బాతులకే."

విత్తనం మంచిది కాదంటాడు మేత అమ్మేవాడు,
మేత మంచిది కాదంటాడు విత్తనం అమ్మేవాడు,
వైరస్ అంటారు మా సంస్థలో పక్కగది వాళ్ళు.
నేను వైరస్ మనిషిని కాను.
నా పని ఇంకా చిన్నది.

కంటికాడలు కత్తిరించి
పొగలు కక్కే నైట్రోజన్‌లో ముంచి
యాంగ్‌ఝౌ దాకా వ్యానులో కాళ్ళ మధ్య పట్టుకుని తెచ్చాను.
పింగాణీ రోట్లో నూరాను.
గులాబీరంగు ద్రవంలో కలిపి, గిరగిరా తిప్పి,
జెల్‌లో పరిగెత్తించి
అట్టడుగున మిణుకుమనే సన్నగీతని
బ్లేడుతో కోసి తీశాను.
పెద్ద ఆర్‌ఎన్‌ఏలన్నీ పైనే ఆగిపోయాయి,
గుమ్మంలో ఇరుక్కున్న బీరువాల్లా.
నాక్కావలసినవి తలుపు కింది సందులోంచి దూరేవి.

యంత్రం కోటీ ఇరవై లక్షల ముక్కలు చదివింది.
తుక్కు ఏరేశాను:
విరిగిన రైబోజోమ్ తునకలు, మేతలోంచి వచ్చిన సోయా,
ఒకచోట నా సొంత ఆర్‌ఎన్‌ఏ కూడా.
గ్లౌజు చిరిగిన రోజు గుర్తొచ్చింది.
మిగిలినవాటిలో
జడపిన్నులా వంగగలిగే మూలమున్నవే ఉంచాను.
ఈగలో, పురుగులో, నాలో ఉన్నవే చాలా.
పాత చుట్టాలు, నంబర్లున్నాయి.
ఏ జాబితాలోనూ లేనివి పదిహేడు.
పేరు పెట్టే హక్కు నాకింకా లేదు కనక
కొత్తది ఒకటి, కొత్తది రెండు,
పురిటాసుపత్రిలో పసికాళ్ళకి కట్టే చీటీల్లా.

ఒక్కోటి ఇరవై రెండక్షరాలు, ఒకటీ అరా తేడాతో.
ఏ ప్రొటీనునీ కట్టవు.
పొడుగాటి సందేశం ఒకటి కణంలో పోతుంటే
వెనకనించి కొంగు పట్టుకుని
"ఊరుకో" అంటాయి.
పిట్ట కొంచెమే. కూతే లేదు.
కూత ఆపడమే దాని ఘనత.

ఇనపపెంకుల్లో ఈ ఊరుకోలు ఎక్కువుంటాయని
ఎదుగుదల నోరు నొక్కినవి అవేనని
అనుకున్నాను.
వ్యాసానికి మొదటి వాక్యం కూడా రాసిపెట్టుకున్నాను.

తారుమారైంది.
కొత్తది తొమ్మిది
పెద్ద రొయ్యల్లో పుష్కలం,
చిన్నవాటిలో అడుగంటింది.
ట్యూబుల మీద చీటీలు మారాయేమోనని
మూడు రాత్రులు మళ్ళీ చేశాను.
చీటీలు సరిగ్గానే ఉన్నాయి.

అది పట్టుకునే కొంగు ఎవరిదో చెప్పమంటే
కంప్యూటర్ నూట నలభై పేర్లు చదివింది.
అడిగినవాళ్ళకల్లా చెప్పే జోస్యం దానిది.
అందులో ఒక పేరు దగ్గర ఆగాను:
గుడ్లకి తొందరపెట్టే జన్యువు.

వానలు వెలిశాక మళ్ళీ ఆ గట్టు మీద
పెద్దమాటల్లేకుండా చెప్పాలని చూశాను.
"వీటిని ఎవరో ఎదగనివ్వలేదని కాదు, షూ బాబాయ్.
ఇప్పుడే కాదు, కొన్నాళ్ళాగు అని
చెప్పేది తగ్గిపోయినట్టుంది.
పిందెలోనే ముదిరాయి."

అతను చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.
"అయితే ఆ చెప్పేదాన్ని
ఎకరానికి ఎన్ని కిలోలు చల్లాలి?"

నా దగ్గరున్నవి ఆరు రొయ్యలు, ఒక గ్రాఫు.
"తెలీదు" అన్నాను.
తలూపాడు. మేతవాడి కంటే నయం అనుకున్నాడో ఏమో.

మూడో చెరువు తోడేస్తోంది పంపు.
బురదలో ఇనపపెంకులు చిటపటలాడుతుంటే
బాతులు మెడలు చాచి బారుతీరాయి.
లింగ్‌దీ వంటింట్లోంచి ఉప్పుగుడ్డు తెచ్చి
నడిమికి కోసి నా చేతిలో సగం పెట్టింది.
రెండు పచ్చసొనలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ.

"దీనికీ ఎవరూ ఊరుకో అనలేదు కాబోలు"
అన్నాడు గెన్‌షెంగ్,
మిగతా సగం నోట్లో వేసుకుని
ఉప్పు అంటిన వేలు నాకుతూ.